పిల్లికీ ఓ మాత్ర

"పిల్లికి కూడా బిచ్చం వెయ్యడురా" అని పిసినిగొట్టుని తిట్టడం మనవాళ్ళకి అలవాటు. పిల్లికి ఇంత పెట్టడం మనిషన్నవాడు చెయ్యదగిన కనీస ధర్మం అని ఆ మాటకి అర్థం. ఆ ధర్మం మన గోదావరి జిల్లాల్లో బాగానే సాగుతోంది. చేపల పులుసు తిన్నాక మిగిలిన ముల్లు, పెరుగన్నంలో ఆఖరి ముద్ద, పాలగిన్నె అడుగున అంటుకున్న మీగడ, ఇవన్నీ పిల్లికి దఖలు పడ్డవే. పెట్టడం దగ్గర మనకి లోటు లేదు. ఆ పెట్టిన తిండిని దాని కడుపులో కూచుని ఎవరు తింటున్నారు అన్న ప్రశ్న మాత్రం మనకి తట్టదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. సావనీరులో ఇలాంటి విషయమా అని ముక్కు మీద వేలేసుకోకండి. విశ్వశాంతి, యువశక్తి, విద్యావిధానంలో రావలసిన మార్పులు ఎలాగూ వుంటాయి. వాటి మధ్య నుంచి ఒక పిల్లి దూరిపోతే పెద్ద నష్టం లేదు. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కూడా కాను, అర్థశాస్త్రం వాణ్ణి. పిల్లుల విషయంలో నాకు తెలిసిందంతా మా ఇంట్లో జరిగినదాని వల్లా, మా వూరి పశువైద్యుడుగారు ఓపిగ్గా చెప్పినదాని వల్లా, ఆ తరవాత కుతూహలం కొద్దీ పుస్తకాలు తిరగేసినదాని వల్లా తెలిసిందే.

మాది జంగారెడ్డిగూడెం. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు పశ్చిమగోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చిన వూరు. గోదావరి జిల్లా అనగానే కాలవగట్లూ, పచ్చని చేలూ తలుచుకునేవాళ్ళకి మా వూరు కొంచెం నిరాశ కలిగిస్తుంది. మాది మెట్ట. పల్లపు నేల అయిపోయి, అటు బుట్టాయగూడెం వైపు ఏజెన్సీ కొండలు మొదలయ్యే చోటు. వర్జీనియా పొగాకు, మొక్కజొన్న, ఆయిల్‌పామ్ మా పంటలు. బేరన్లూ, గిడ్డంగులూ, బస్తాలూ వున్నచోట ఎలకలుంటాయి. ఎలకలున్నచోట పిల్లులుంటాయి. అంచేత మా వైపు పిల్లి అంటే పరుపు మీద పడుకునే విలాస జంతువు కాదు. జీతం లేని కాపలాదారు. పొద్దున్న ఒకరింట్లో పాలు, మధ్యాహ్నం ఇంకొకరింట్లో చేప తల, రాత్రి గిడ్డంగిలో సొంత సంపాదన. అది ఎవరి పిల్లి అంటే ఏ ఇంటివాళ్ళూ తేల్చి చెప్పలేరు. పిల్లలు పెట్టే వేళకి మాత్రం ఏదో ఒక ఇంటి అటకని తనదిగా చేసుకుంటుంది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో అలా మా ఇంటి అటక ఎక్కిందో చారల పిల్లి. మూడు కూనలు. మూడో వారానికి కళ్ళు బాగా విచ్చుకుని, అటక అంచు దాకా వచ్చి కిందకి తొంగి చూసేవి. నెల దాటాక కిందకి దిగేయి. అప్పుడు గమనించాం. వాటి పొట్టలు చిన్న కుండల్లా వున్నాయి, వెన్నెముకలు మాత్రం వేలితో లెక్కపెట్టొచ్చు. "బాగా తాగుతున్నాయి, అందుకే పొట్టలొచ్చేయి" అంది మా మామ్మ. ఆవిడకి అదో సంతోషం. కానీ బొచ్చు గరుగ్గా నిక్కబొడుచుకుని వుంది. ఆడుతూ ఆడుతూ మధ్యలో కూలబడి నిద్రపోయేవి. ఒకరోజు పొద్దున్న అన్నిటికంటే చిన్నది వాంతి చేసుకుంది. ఆ పాల విరుగులో తెల్లటి సేమ్యా పోగుల్లాంటివి రెండు, చుట్టలు చుట్టుకుని కదులుతున్నాయి.

బుట్టలో గుడ్డ వేసి, మూడింటినీ పెట్టుకుని పశువైద్యశాలకి వెళ్ళేను. అక్కడ గేదెలు, మేకలు, ఒక ఎద్దు వరసలో వున్నాయి. వాటి వెనకాల పిల్లికూనల బుట్టతో నేను. నవ్వనివాళ్ళు లేరు. పైగా మామ్మ సలహా మీద కూనల విరేచనం కొంచెం అగ్గిపెట్టెలో పెట్టి తీసికెళ్ళేను. డాక్టరుగారు నవ్వలేదు. అగ్గిపెట్టె తీసుకుని, "ఈసారి మూత వున్న డబ్బీ తెండి, కానీ తేవడం మంచి పని" అని మైక్రోస్కోపు దగ్గరకి వెళ్ళిపోయేరు. వచ్చి రెండు పేర్లు చెప్పేరు. ఏలికపాము ఒకటి, కొంకిపురుగు ఒకటి. మన పాఠ్యపుస్తకాల్లో మనుషులకి చెప్పిన పేర్లే. పిల్లికి వచ్చేవి వేరే జాతులు. కుటుంబం ఒకటే.

ఏలికపాము గురించి ఆయన చెప్పిన సంగతి నేను ఇంటికొచ్చి చెబితే మామ్మ చాలాసేపు నమ్మలేదు. ఆ పురుగులు కూనలకి తల్లి పాలతో వచ్చేయట. తల్లిపిల్లి ఎప్పుడో మట్టి అంటుకున్న కాలు నాక్కుని గుడ్లు మింగుతుంది. అవి పొదిగి, పిల్లపురుగులు దాని కండల్లో నక్కి వుంటాయి. ఈని పాలివ్వడం మొదలుపెట్టేసరికి అవి పాలల్లోకి చేరతాయి. తల్లి చూడ్డానికి నిక్షేపంలా వుంటుంది. కూన మాత్రం పుట్టిన కొద్ది రోజులకే కడుపునిండా పురుగుల్ని తాగేస్తుంది. పెద్ద ఆడ పురుగు జానెడులో సగం దాకా పెరగొచ్చు. అరచేతిలో పట్టే కూన పేగుల్లో అలాంటివి పది వుంటే ఇక తిన్న తిండికి చోటెక్కడిది? మామ్మ సంతోషించిన ఆ పొట్టల రహస్యం అదీ.

కొంకిపురుగు కథ వేరు. అది తిండి తినదు, రక్తం తాగుతుంది. పేగు గోడకి కొక్కెంలా పట్టుకుని వుంటుంది. దాని పిల్లపురుగులు నీడపట్టున తడిమట్టిలో ఎదురుచూస్తూ వుంటాయి. పిల్లి పాదం చర్మంలోంచి కూడా దూరగలవు. వానాకాలం, చెట్ల నీడ, తడి నేల మూడూ కలిసిన మావంటి వూళ్ళో వాటికి కాలం కలిసొస్తుంది. కూన చిగుళ్ళు చూడమన్నారు డాక్టరుగారు. గులాబి రంగులో వుండాల్సినవి పాలిపోయి సున్నం కొట్టినట్టున్నాయి. మాత్రలు వేసేం. రెండు కూనలు నాలుగు రోజులకి తేరుకున్నాయి. చిన్నది రెండోరాత్రి పోయింది. "దానికి మందు తట్టుకునే రక్తం కూడా మిగల్లేదు" అన్నారాయన. మామ్మ ఆ మర్నాడు మాట్లాడకుండా జామచెట్టు కింద గొయ్యి తవ్వించింది.

ఇక్కడ మా మామ్మకి వచ్చిన సందేహం ఒకటి చెప్పాలి. "పిల్లికి మాత్రలేవిట్రా, ఇదెక్కడి చోద్యం, మా రోజుల్లో ఎరగం" అంది. ఆ మాట డాక్టరుగారికి చేరవేసేను. "ఈ పురుగుల మందుల విద్యలో మన భీమవరం ఆయన చెయ్యి కూడా వుందని చెప్పండి మీ మామ్మగారికి" అన్నారు. ఆ ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కి (పరీక్షలు తప్పిన మిత్రులు ఈ వాక్యం కింద గీత గీసుకోవచ్చు), మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళిపోయేరు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1947లో డైఈథైల్‌కార్బమజీన్ అనే మందుని వెలుగులోకి తెచ్చింది. బోదకాలు తెప్పించే ఫైలేరియా పురుగు మీద పనిచేసే మందది. మరుసటి సంవత్సరమే, 1948 ఆగస్టులో, ఆయన కన్నుమూశారు.

మా మామ్మ పుట్టిల్లు పాలకొల్లు వైపు. బోదకాలు ఆవిడకి కొత్త కాదు. చిన్నప్పుడు ఆ వీధిలో ఏ అరుగు మీద చూసినా వాచిన కాలు ఒకటి కనిపించేదని చెబుతూ వుంటుంది. ప్రభుత్వం వాళ్ళు ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన బోదకాలు మాత్రలు ఆవిడా మింగింది. అవి ఆయన మాత్రలే. దేశవ్యాప్తంగా ఆ కార్యక్రమం 2004లో మొదలైంది. ఆ మందునే ఒకప్పుడు కుక్కలకీ పిల్లులకీ ఏలికపాముల మీద వాడేవారు. ఇప్పుడు అంతకంటే మంచివి వచ్చేయి కనక పిల్లులకి ఎవరూ రాయడం లేదు. ఈ సంగతి విన్నాక మామ్మ అభ్యంతరం సగం తగ్గింది. "మన జిల్లావాడు కనిపెట్టేడంటే సరే" అంది. శాస్త్రానికి ఇంతకంటే సిఫార్సు ఏం కావాలి?

రెండు కూనలూ నిలబడ్డాయి గదా, కథ అయిపోయిందనుకున్నాం. మూడు నెలల తరవాత ఒకనాడు మా చారల పిల్లి పడుకుని లేచిన చోట, గుడ్డ మీద, ఉడికిన బియ్యపు గింజల్లాంటివి కనిపించేయి. చూస్తూండగానే ఒకటి ముడుచుకుని సాగింది. ఎండిపోయినవి అచ్చం దోసగింజల్లా వున్నాయి. అది బద్దెపురుగు. దాని ఒంటి ముక్కలే అలా ఊడి బయటికొస్తాయి. మాత్ర వేస్తే పోయింది. ఒకటిన్నర నెలకి మళ్ళీ వచ్చింది. మందు నకిలీదేమో అని మా నాన్నగారికి అనుమానం. డాక్టరుగారు మాత్రం పిల్లి కడుపు చూడలేదు. పేనుదువ్వెన తెప్పించి దాని తోక మొదట్లో దువ్వేరు. రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్ల కాగితం మీద వేసేరు. పొడి చుట్టూ ఎర్రగా చెమ్మ పాకింది. "ఇది మట్టి కాదు, పిల్లి రక్తం తాగిన పురుగు వదిలింది. దొంగ ఇక్కడున్నాడు" అన్నారు.

ఆ దొంగ పేరు ఫ్లీ. మన వైపు దాన్నీ పేను లెక్కలోనే వేసేస్తాం కానీ ఇది పేను కాదు. పేను పాకుతుంది, ఇది దూకుతుంది. బద్దెపురుగు గుడ్లని దీని పిల్లపురుగు తింటుంది. పెరిగిన ఫ్లీ పిల్లి ఒంటిమీద చేరి కుడుతుంది. పిల్లికి దురదపుట్టి నాక్కుంటూ దాన్ని మింగుతుంది. మింగిన ఫ్లీలోంచి బద్దెపురుగు మళ్ళీ పేగులోకి చేరుతుంది. మాత్ర పేగులో వున్న బద్దెపురుగుని చంపుతుంది గానీ రేపు మింగబోయే ఫ్లీని ఆపలేదు గదా! పైగా ఒంటిమీద కనిపించే ఫ్లీలు కొన్నే. గుడ్లు, పిల్లపురుగులు, గూళ్ళు కలిపి ఎన్నో రెట్లు గోనెసంచుల మడతల్లోనూ, మంచం కిందా, పిల్లి పడుకునే గుడ్డలోనూ వుంటాయి. గూట్లో వున్నది నెలల తరబడి ఓపిగ్గా కూచోగలదు. ఇక రెండో రకం బద్దెపురుగు ఒకటుంది, అది ఎలక ద్వారా వస్తుంది. గిడ్డంగి కాపలాదారుకి అది వృత్తిరోగం అనుకోండి.

అర్థశాస్త్రం చదివేవాణ్ణి కనక నాకు ఇక్కడ ఒకటి అర్థమైంది. మనం పురుగుని ఒక అప్పులా చూస్తాం, ఒక మాత్రతో తీరిపోయే బాకీలా. నిజానికి అది ఒక చక్రం. మట్టి, ఎలక, ఫ్లీ, తల్లిపాలు, ఇంటి మూలలు అన్నీ అందులో ఆకులే. ఎక్కడో ఒకచోట ఆపితే చాలదు, తిరిగే ప్రతి మలుపులోనూ కాస్త కాస్త అడ్డుపడాలి. ఆ చక్రంలో మనమూ, మన పిల్లలూ కూడా వున్నాం అన్నది అసలు సంగతి.

ఇది మా వీధిలోనే తెలిసింది. మా ఎదురింటివాళ్ళు మేడ కట్టిస్తూ రెండు లారీల ఇసక రోడ్డు పక్కన పోయించేరు. పగలు ఆ ఇసకలో పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడతారు. రాత్రి పిల్లులు అదే ఇసకలో తమ పని చేసి కప్పెట్టి పోతాయి. పిల్లి ఇసకని ఇష్టపడ్డం దాని శుభ్రతే, తప్పు పట్టలేం. కానీ ఏలికపాము గుడ్లు ఆ ఇసకలో కొన్ని వారాలకి పక్వానికి వచ్చి, ఆ తరవాత ఏళ్ళ తరబడి వుండగలవు. ఆ చేతులతో మురుకులు తిన్న పిల్లవాడి కడుపులో అవి పొదిగితే, అది తన ఇల్లు కాదని తెలియక పిల్లపురుగు ఒళ్ళంతా దారి వెతుక్కుంటుంది. ఎక్కువమందికి ఏమీ తెలియకుండానే పోవచ్చు. కాలేయానికో, ఎప్పుడైనా కంటికో చేరితే మాత్రం ప్రమాదమే. కంటికి చేరితే చూపు పోవచ్చు. సాయంత్రం అవగానే ఇసక మీద బరకం కప్పించడం, పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించడం. విరుగుడు ఇంతే. ఎదురింటివాళ్ళు మొదట నవ్వేరు, తరవాత కప్పేరు.

ఇక గృహవైద్యం. మన ఇళ్ళల్లో ఇది లేని రోగం లేదు. పిల్లికి ఫ్లీలు పట్టేయంటే ఒకరు కిరసనాయిలు రాయమన్నారు. ఒకరు కలరా ఉండలు గుడ్డలో కట్టి పెట్టమన్నారు. వెల్లుల్లి నూరి పాలల్లో కలిపి పట్టమంది మా పక్కింటి పిన్నిగారు. పిల్లి విషయంలో ఈ మూడూ విషాలే. పిల్లి చిన్నసైజు కుక్క కాదు, చిన్నసైజు మనిషి అసలే కాదు. మన కాలేయం సునాయాసంగా విరిచి బయటికి పంపేసే కొన్ని పదార్థాల్ని పిల్లి కాలేయం విరవలేదు. పరంపరగా మాంసమే తిన్న జాతి కాబట్టి ఆ పనిముట్లు దానికి తక్కువ. మనకి జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర దాని ప్రాణం తియ్యగలదు. వెల్లుల్లి దాని రక్తకణాల్ని విరిచేస్తుంది. ఫినాయిలు తొక్కి పాదం నాక్కున్నా ప్రమాదమే. వేపనూనె మన దృష్టిలో సర్వరోగనివారిణి గానీ, గాఢంగా దాని ఒంటికి పట్టించడం మంచిది కాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కుక్కల మందు. మా వీధి చివర ఒక కుర్రాడు తన కుక్కకి తెచ్చిన ఫ్లీ మందులో మిగిలిన చుక్కలు జాలికొద్దీ పిల్లి మెడ మీద వేసేడు. కొద్ది గంటల్లో దానికి చెవులు అదరడం, ఆ తరవాత ఒళ్ళంతా వణుకు. ఆ మందులో వున్నది పెర్మెత్రిన్. కుక్కకి పనికొస్తుంది, పిల్లికి నరాల మీద విషంలా పనిచేస్తుంది. డాక్టరుగారికి ఫోను చేస్తే గిన్నెలు కడిగే సబ్బునీళ్ళతో, గోరువెచ్చగా, మెడ దగ్గర కడిగి, తువ్వాలు చుట్టి వెంటనే తెమ్మన్నారు. రెండు రోజులు వైద్యశాలలోనే వుంచేరు. బతికింది. పెట్టె మీద సన్న అక్షరాలతో పిల్లులకు వాడరాదని రాసే వుంది. ఆ అక్షరాల సైజు గురించి వేరే వ్యాసం రాయొచ్చు.

బడిపిల్లల మాత్ర సంగతి కూడా చెప్పాలి. 2015 నుంచి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం చేస్తున్నారు. బళ్ళల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకి ఆల్బెండజోల్ ఇస్తారు. చాలా మంచి పని. ఒక చిన్నపిల్ల తన మాత్ర నోట్లో దాచి తెచ్చి పిల్లికి పెట్టబోయిందని మా వీధిలో చెప్పుకున్నారు. దాని మనసు వెన్న. కానీ పిల్ల మాత్ర పిల్లే మింగాలి, పిల్లి మాత్ర పిల్లికే వెయ్యాలి. ఆల్బెండజోల్ పిల్లి ఎముకమజ్జని దెబ్బతీసిన సందర్భాలున్నాయి. పిల్లులకి మామూలుగా ఏలికపాముకీ కొంకిపురుగుకీ పైరాంటెల్, బద్దెపురుగుకి ప్రాజిక్వాంటెల్ వాడతారు. రెండూ కలిసిన మాత్రలు కూడా వున్నాయి. మోతాదు తూకాన్ని బట్టి డాక్టరుగారు చెప్పాలి.

ఇంతవరకూ చెప్పింది ఒక ఎత్తు, గత సంవత్సరం మా ఇంట్లో జరిగింది ఒక ఎత్తు. మా అక్క తొలిచూలు. ఏడో నెలలో పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. అక్క అత్తగారు మా అమ్మకి ఫోను చేసి, "వదినగారూ, ఇంట్లో పిల్లిని పెట్టుకుని కడుపుతో వున్న పిల్లని ఎలా తీసికెళ్తారండీ? ముందు దాన్ని పంపించెయ్యండి, తరవాత మా కోడల్ని పంపుతాం" అన్నారు. ఆవిడ భయం అబద్ధం కాదు. పేపర్లో ఏదో చదివేరు. మా ఇంట్లో ఆ రాత్రి అన్నాలు సహించలేదు. చారల పిల్లిని గోనెసంచిలో కట్టి ఎర్రకాలువ అవతల వదిలేసి వస్తానని పాలేరు సిద్ధపడ్డాడు. మామ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ ఏటూ తేల్చుకోలేక నన్నే మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి పంపింది.

ఆయన చెప్పిన దానికి, అక్కని చూస్తున్న డాక్టరమ్మగారు చెప్పిన దానికి ఎక్కడా తేడా లేదు. భయపడాల్సినదాని పేరు టాక్సోప్లాస్మా. అది పురుగు కాదు, కంటికి కనపడని ఏకకణజీవి. పురుగుల మాత్రకి లొంగదు. 1908లోనే దాన్ని కనుగొన్నారు గానీ, అది పిల్లి పేగులోనే తన జీవితచక్రం ముగిస్తుందని 1970 ప్రాంతంలో గాని తేలలేదు. గర్భిణికి అంతకు ముందెన్నడూ సోకక, ఆ తొమ్మిది నెలల్లోనే మొదటిసారి సోకితే బిడ్డకి కీడు. అంతవరకూ నిజం. కానీ పిల్లి మామూలుగా జీవితంలో ఒక్కసారి, ఒకటి నుంచి మూడు వారాలపాటు మాత్రమే దాన్ని విరేచనంలో వదుల్తుంది. వదిలిన వెంటనే అది ఎవరికీ అంటదు. పక్వానికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు కావాలి. అంటే తట్టలో ఇసకని ఏ రోజుకారోజు తీసేస్తే, అదీ గర్భిణి కాకుండా ఇంకొకరు తీసేస్తే, సగం యుద్ధం గెలిచినట్టే. మిగతా సగం వంటింట్లో వుంది. సరిగ్గా ఉడకని మాంసం, సరిగ్గా కడగని కూరగాయలు, తోటపని చేసి కడుక్కోని చేతులు. పిల్లిని నిమిరినందువల్ల కంటే వీటివల్ల వచ్చే అవకాశమే ఎక్కువ.

"పిల్లిని వదిలేస్తే అది ఇప్పటికే మట్టిలో వదిలినవి దాంతో వెళ్ళిపోవు. పైగా ఆ ఖాళీలోకి ఇంకో పిల్లి వస్తుంది. అది మందు ఎరగదు, తట్ట ఎరగదు" అన్నారు డాక్టరుగారు. ఈ మాట అమ్మ ఫోనులో అక్క అత్తగారికి యథాతథంగా చెప్పింది. డాక్టరమ్మగారి చేత కూడా చెప్పించింది. రెండు రోజులు ఆలోచించి ఆవిడ ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే, తట్ట పని మగవాళ్ళు చెయ్యాలి. తిన్న కంచం ఎన్నడూ తియ్యని మా నాన్నగారు మూడు నెలలపాటు పొద్దున్నే చేతికి కవరు తొడుక్కుని పిల్లి తట్ట ఎత్తిపోసేరు. పిల్లికి పచ్చిమాంసం, పచ్చి చేపతలలు మానేసి ఉడికించినవే పెట్టేం. అక్క కూరగాయల జోలికి పోకుండా మామ్మ కాపలా కాసింది. ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలు. బారసాలకి వచ్చిన అక్క అత్తగారు గుమ్మంలో పడుకున్న చారల పిల్లిని చూసి, "ఇదేనా ఆ పిల్లి?" అని, పక్కనుంచి తప్పుకుని లోపలికి వెళ్ళేరు. అంతకంటే పెద్ద రాజీ ఏం కావాలి?

ఇప్పుడు మా ఇంటి గోడ కేలండరులో పాలవాడి లెక్క పక్కన పిల్లి లెక్క కూడా వుంది. కూనలకి మూడో వారంలో మొదటి మందు. తరవాత రెండేసి వారాలకి, పాలు మానిన రెండు వారాల దాకా. ఆ పైన ఆరో నెల వచ్చేదాకా నెలకోసారి. పాలిచ్చే తల్లికీ కూనలతోబాటే. ఎలకలు పట్టే పెద్ద పిల్లికి ఏడాదికి కనీసం నాలుగుసార్లు. తూకానికి త్రాసులు వెతుక్కోనక్కర్లేదు. పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కి, దింపి మళ్ళీ ఎక్కి, తీసివేత చేస్తే సరి. వారానికోసారి పేనుదువ్వెనతో దువ్వి సబ్బునీళ్ళల్లో ముంచడం, పడక గుడ్డ వేణ్ణీళ్ళలో ఉతికి ఎండవెయ్యడం, మూలల్లో గోనెసంచులు దులపడం. చెవిలో కాఫీ మడ్డి లాంటి నల్లటి గుల్ల కనిపించి తల విదిలిస్తోందంటే అది చెవిలో చేరే సూక్ష్మమైన నల్లులాంటి జీవి పని. పుల్ల పెట్టి గెలకొద్దు, డాక్టరుగారికి చూపించాలి. మాత్ర వేసేటప్పుడు కరిచినా, గోరు దిగినా సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి అడగాలి. అందులో మొహమాటం కూడదు.

చివరగా, ఈ సావనీరు పాఠకులకి ఒక విజ్ఞప్తి. మన హాస్టల్ మెస్ వెనకాల ఎప్పుడూ నాలుగైదు పిల్లులుంటాయి. మన పళ్ళాల్లో మిగిలింది తిని, మన బియ్యం బస్తాల్ని ఎలకల నుంచి కాపాడి, మన వాలీబాల్ కోర్టు పక్కన ఇసకలోనే తమ కాలకృత్యాలు తీర్చుకుంటాయి. సాయంత్రం మనం అదే ఇసక మీద ఉత్తకాళ్ళతో ఆడి, వచ్చి మిర్చిబజ్జీలు తింటాం. ఒక పిల్లికి ఒక విడత మాత్ర ఖరీదు ఒక సినిమా టిక్కెట్టుకి మించదు. వార్షికోత్సవానికి రంగుకాగితాల తోరణాల మీద పెట్టే డబ్బులో వీసమెత్తు పక్కనబెడితే మెస్ పిల్లులన్నిటికీ ఏడాది పొడుగునా సరిపోతుంది. కోర్టు మీద రాత్రిపూట కప్పడానికి ఒక బరకం కూడా వస్తుంది. వచ్చే ఏడు యూనియన్ బడ్జెట్టులో ఈ పద్దు చేర్చమని కొత్త కార్యవర్గాన్ని కోరుతున్నాను. తూకం, తీసివేత నేను చూసుకుంటాను. పిల్లిని పట్టుకోవడానికి మాత్రం ఇద్దరు ధైర్యవంతులు కావాలి.